పొలం గట్టు ఎండ్రకాయ: పేరు, చారు, జాగ్రత్తలు

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మాట మంచినీటి పీతల గురించి. మొదటి ఫోన్ కరీంనగర్ జిల్లా నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: మేం ఎండ్రకాయలంటం మేడమ్. మా కోడలుది కృష్ణా జిల్లా, పీతలంటది. రెండూ ఒక్కటేనా?

నిపుణురాలు: ఒక్కటేనమ్మా. తెలంగాణలో, రాయలసీమలో ఎండ్రకాయ, ఎండ్రికాయ అంటారు. కోస్తాలో పీత. కన్నడంవాళ్లకి ఏడి, తమిళంవాళ్లకి నండు. చిక్కెక్కడంటే, కోస్తాలో సముద్రప్పీతనీ మండపీతనీ కూడా పీతే అంటారు. అందుకే సంతలో ‘పొలం పీత’ అని విడిగా అడగాలి. దీని డిప్ప నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పు, అంతే. కండ తీసుకుని తిందామంటే ఏమీ రాదు. ఇది చారుకీ పులుసుకీ పనికొచ్చే సరుకు.

ఇంకోటి, కొనేటప్పుడు తిప్పి చూడండి. పొట్ట కింద మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆ మడత కింద గుడ్లో, బియ్యపు గింజంత పిల్లలో కనిపిస్తే వదిలేయండి. సముద్రప్పీతలా దీనికి నీళ్లలో తేలే లార్వా దశ లేదు, గుడ్డులోంచి పిల్ల పీతే వస్తుంది. తల్లిని వండితే ఆ పిల్లలన్నీ పోయినట్టే.

వ్యాఖ్యాత: తర్వాత నెల్లూరు జిల్లా నుంచి.

శ్రోత: మేడమ్, పీతలు దంచి, రసం పిండి చారు కాస్తే పాలు విరిగినట్టు అవుతోంది. పాడైందని పారబోశాను.

నిపుణురాలు: అయ్యో, రుచంతా అందులోనే ఉందమ్మా! అది కండలోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టడమే. పది పీతలకి లీటరు నీళ్లు. ముందు పీతల్ని అరగంట ఐసునీళ్లలో ఉంచితే కదలిక ఆగుతుంది. పొట్ట మడత తుంచి, వెనకనుంచి డిప్ప లేపి, వేళ్లలా ఉండే బూడిదరంగు మొప్పలూ కళ్ల వెనకాల సంచీ తీసేయండి. ఇవి ఉంటే చారు బురదవాసన కొడుతుంది. దంచి, నీళ్లు కలిపి, గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, పెంకు ముక్కలు గొంతులో గుచ్చుకోకుండా. సన్నమంట మీద పెట్టి, తరక పైకి తేలేదాకా గరిటె పెట్టొద్దు. పెద్దమంట పెట్టి కలిపితేనే పొడిపొడిగా విరుగుతుంది. తరక కట్టాక చిన్న నిమ్మకాయంత చింతపండు పులుసు, ఒకటిన్నర టీస్పూన్ల మిరియాలు, టీస్పూను జీలకర్ర, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, పదిహేను నిమిషాలు మరగనివ్వండి.

శ్రోత: జలుబుకి మందంటారు కదా?

నిపుణురాలు: వేడికీ మిరియాలకీ గొంతు హాయిగా ఉంటుంది, అంతవరకే. రొయ్యలు పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు, వాళ్లకి పెట్టకండి.

వ్యాఖ్యాత: చిత్తూరు జిల్లా నుంచి ఒక తమ్ముడు.

శ్రోత: మేము గట్టు మీద మంటేసి కాల్చుకుని తింటాం మేడమ్.

నిపుణురాలు: పైన మాడి కాళ్ల మొదట్లో పచ్చిగా ఉంటుంది నాయనా. మంచినీటి పీతల కండలో, మొప్పల్లో ఊపిరితిత్తుల పురుగు పిల్లలుండే అవకాశం ఉంది. మణిపూర్, నాగాలాండ్ వైపు ఈ జబ్బు బాగా తెలుసు. నెలల తరబడి దగ్గు, కళ్లెలో రక్తం, అచ్చం క్షయలాగే. అలా వస్తే, పీతలు తిన్న సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి. ఉడికిన కూరకన్నా నాకు దంచిన రోలంటేనే భయం. పచ్చి రసం అంటిన రోలు, గుడ్డ, కత్తి మరిగే నీళ్లతో కడగాలి, చేతులు సబ్బుతో. అదే రోట్లో వెంటనే పచ్చడి నూరొద్దు. పురుగుమందు కొట్టిన మడిలోవీ, చచ్చిపోయినవీ అసలే వద్దు.

శ్రోత: బొక్కలో చెయ్యి పెట్టి పట్టొచ్చా?

నిపుణురాలు: వద్దు, పాములూ ఆ బొక్కల్లోనే దూరుతాయి. కర్రకి దారం కట్టి, వానపామునో కోడిపేగునో వేలాడదీస్తే అదే పట్టుకుని వస్తుంది. పైకొచ్చాక వెనకనుంచి డిప్ప రెండు పక్కలా పట్టుకో. వేలు కరిస్తే లాగకు, లాగితే ఇంకా బిగిస్తుంది. చెయ్యి నీళ్లలో పెట్టు, వదిలేస్తుంది.