ఆగున్న మోటారుకి బేరింగ్ ఎలగ పోద్ది?

హోస్ట్: బాబాయ్, నరసన్నపేట వైపు ఒక ఉప్పుడు బియ్యం మిల్లు నుంచి ఫోనొచ్చింది. బాయిలర్‌కి నీళ్ళు తోలే పంపులు రెండున్నాయంట, ఒకటి నడుస్తాది, రెండోది స్టాండ్‌బై. రోజూ నడిచేది బాగానే ఉంది, ఊరికే ఉన్నదాని మోటారు బేరింగ్‌లోంచేమో ఆన్ చేసిన రోజే గర్రుమని సౌండు. ఓనరు గారు డూప్లికేట్ బేరింగ్ అమ్మారంటన్నారు, షాపాయన ఫిట్టరు సుత్తితో కొట్టి ఎక్కించాడంటన్నాడు.

బాబాయ్: ముందు ఆ బేరింగ్ కోసి చూడమను నాన్నా. కోసి చూడకుండా ఎవరి మీద నెట్టేసినా అన్యాయమే, చివరికి ఎప్పుడూ ఫిట్టరు మీదే పడతాది కదా. నువ్వు చెప్పిన వరస బట్టి చూస్తే అది ఆగుండబట్టే పోయింది అనిపిస్తంది నాకు.

హోస్ట్: తిరక్కుండా అరగడమేటి బాబాయ్?

బాబాయ్: చెప్తాను విను. రెండు పంపులూ ఒకే ఛానల్ ఫ్రేము మీద ఉంటాయి కదా, పక్కది నడిచినంతసేపూ ఇది వణుకుతానే ఉంటాది. ఆ వణుకుకి బాల్ దొర్లదు, ఉన్నచోటే కంటికి కనపడనంత ముందుకీ వెనక్కీ కదులుతాది, అదే చోట, రాత్రీ పగలూ. బాల్‌కీ, అది దొర్లే గాడి, అదే ట్రాక్ అంటాం, దానికీ మధ్యన ఉండే గ్రీజు పక్కకి జరిగిపోతాది, బేరింగ్ తిరిగితే మళ్ళీ లోపలికొచ్చీది, ఇక్కడ తిరగడం లేదు కాబట్టి రాదు. ఇంక ఇనుమూ ఇనుమూ రాసుకుని సన్నటి పొడి రాల్తాది, ఆ పొడికి గాలి తగిలి తుప్పవుద్ది, ఆ తుప్పు పొడే మళ్ళీ ఇనుముని అరగదీసే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు పూసినట్టు ట్రాక్‌ని ఇంకా తినేస్తాది. దీన్నే ఫాల్స్ బ్రినెలింగ్ అంటారు.

హోస్ట్: అంటే మన మిల్లుల్లోనే కాదన్నమాట ఈ గొడవ.

బాబాయ్: ఎప్పటి నుంచో ఉంది. 1930లలో అమెరికాలో డెట్రాయిట్ నుంచి కొత్త కార్లు రైలెక్కించి పంపితే, ఒక్క కిలోమీటరు కూడా రోడ్డు మీద నడవకుండానే చక్రాల బేరింగుల్లో గుంటలు పడ్డాయి. జనరల్ మోటార్స్‌లో ఆల్మెన్ అనీ ఇంజినీరు 1937లో దాని మీద వ్యాసం రాసాడు.

హోస్ట్: సరే, కోసాక ఏం చూడాలి?

బాబాయ్: కడక్కముందు గ్రీజు రంగు చూడాలి, ఇది చాలా ముఖ్యం, మనోళ్ళు ముందే డీజిల్‌లో ముంచేస్తారు, సాక్ష్యం పోద్ది. గ్రీజులో ఎర్రగా, ఇటుక రంగు పొడి ఉంటే అనుమానం బలపడినట్టే. తర్వాత కడిగి ఔటర్ ట్రాక్ చూడు, బాల్‌కీ బాల్‌కీ ఎంత దూరమో మచ్చకీ మచ్చకీ అంతే దూరం ఉంటాది, మోటారు మధ్యన తిరిగే ఇరుసు, అదే షాఫ్ట్, అడ్డంగా పడుకున్నదైతే బరువు పడే కింద వైపు మచ్చలు లోతుగా ఉంటాయి. బాల్స్‌కి బదులు చిన్న కడ్డీల్లాంటి రోలర్లుండే రోలర్ బేరింగ్ అయితే గుంటలు కాదు, అడ్డగీతలు.

హోస్ట్: సుత్తి దెబ్బకి కూడా బాల్స్ ఉన్నచోటే గుంట పడతాది కదా మరి?

బాబాయ్: పడతాది, మంచి ప్రశ్న అడిగావు. అప్పుడు లెన్సు పెట్టి గుంట అడుగు చూడాలి. దెబ్బ తగిలితే ఇనుము లోపలికి నొక్కుకుపోద్ది అంతే, కంపెనీలో గ్రైండింగ్ చేసిన సన్న గీతలు గుంట అడుగున ఇంకా కనపడతాయి. వణుకుతో పోయిందానికైతే ఆ గీతలు అరిగి ఉండవు. అది చూపిస్తే ఫిట్టరు తప్పో కాదో అక్కడే తేలిపోద్ది.

హోస్ట్: వీఎఫ్‌డీ, అదే మోటారు స్పీడు పెంచి తగ్గించే కరెంటు పెట్టె, ఉన్న మోటార్లలో కూడా గీతలు పడతాయంటారు?

బాబాయ్: అది వేరే. షాఫ్ట్ కరెంటు బేరింగ్‌లోంచి పోయి ట్రాక్ మీద దగ్గరదగ్గరగా వరసగా గీతలు పడతాయి, బాల్స్ దూరంతో సంబంధముండదు. అది నడిచే మోటారుకి వచ్చీ జబ్బు. అన్నట్టు పక్కన వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంపు మోటారు బాడీకి తగిలించొద్దని చెప్పు, కరెంటు బేరింగ్‌లోంచి పోతే ఆగున్నదైనా మాడి మచ్చలు పడతాయి.

హోస్ట్: మరి రాకుండా ఏటి చెయ్యాలి? వారానికోసారి చేత్తో తిప్పితే సరిపోద్దా?

బాబాయ్: అస్సలు తిప్పనిదాని కంటే మేలే. కానీ కొంచెం అలా కదిపి వదిలేస్తారు చూడు, అది చాలదు. షాఫ్ట్ ఒక రౌండు తిరిగితే లోపల బాల్స్ సెట్టు దగ్గరదగ్గర 0.4 రౌండే తిరుగుతాది. అందుకని నాలుగైదు రౌండ్లు తిప్పి, షాఫ్ట్ మీద పెయింటు గుర్తు పెట్టి, పోయిన వారం ఆగిన చోట కాకుండా వేరే చోట ఆపాలి. ఇంకా మంచిది, పంపులు రెండూ మార్చిమార్చి నడపడం, అప్పుడు గ్రీజు మళ్ళీ ట్రాక్ అంతా పరుచుకుంటాది. గట్టి గ్రీజు కన్నా నూనె బాగా వదిలీది ఈ జబ్బుకి మేలు, కానీ స్పీడూ వేడీ చూసుకోకుండా మార్చీయకూడదు.

హోస్ట్: రిపేరుకి వైజాగ్ పంపి లారీలో తెచ్చుకునే మోటార్లకి?

బాబాయ్: అదీ రైలెక్కిన కార్ల కథే. రోలర్ బేరింగ్ ఉన్న పెద్ద మోటారైతే షాఫ్ట్ కదలకుండా లాక్ ప్లేటు బిగించి పంపాలి, కొత్త మోటారుతో వచ్చిన ఆ ప్లేటుని స్క్రాపులో పడీకుండా దాచుకోవాలి, తిప్పే ముందు మాత్రం తప్పకుండా విప్పాలి.

హోస్ట్: ఇప్పుడా పంపుకేం చెయ్యమంటారు?

బాబాయ్: మోటారుకి రెండు పక్కల బేరింగులూ మార్చమను, ఒకటి మార్చి ఒకటి ఉంచొద్దు, రెండూ అదే వణుకులో ఉన్నాయి కదా. పంపు వైపు బేరింగులు కూడా చూడమను. ఆ తర్వాత నడిచే పంపు దగ్గరికెళ్ళి ఫౌండేషన్ బోల్టులు, మోటారునీ పంపునీ కలిపే కప్లింగ్ సరిగ్గా ఒకే లైన్లో ఉందా లేదా చూడమను, అసలు వణుకు అక్కడిది. రెండు పంపులకీ ఒకే ఫ్రేము ఉంటే విడదీసి వేరే వేరే దిమ్మలు కట్టించగలరేమో ఓనరు గార్ని అడుగు, సీజను లేనప్పుడు అయిపోయే పనే అది.