జపాన్ మెషీన్‌కి ట్రాన్స్‌ఫార్మర్ కొనేముందు హెర్ట్జ్ చూడండి

[షాట్: సీఎన్‌సీ లేతు వెనక ప్యానెల్, నేమ్ ప్లేట్ దగ్గరగా]

నమస్తే. మనం రాయగడలో, మిల్లుల జాబ్ వర్క్ చేసే లేతు షాపులో ఉన్నాం. విశాఖ పోర్టులో కంటైనరు దిగి, ఈ సెకండ్‌హ్యాండ్ జపాన్ మెషీన్ మొన్ననే వచ్చింది. ఓనరు గారు అడిగేది ఒకటే: "బాబూ, ఎన్ని కేవీఏ తీసుకోమంటావు?" కేవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు. చెప్తాను గానీ, అది రెండో ప్రశ్న. మొదటిది హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో.

ప్లేటు చదువుదాం. త్రీ ఫేజ్, 200/220 వోల్టులు, 50/60 హెర్ట్జ్, 40 ఆంపియర్లు. జపాన్‌లో టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. అందుకే వాళ్ల మెషీన్లు చాలావరకు రెంటికీ తట్టుకుంటాయి. మన లైను 415 వోల్టులు, 50 హెర్ట్జ్. అంటే వోల్టులు దించుకుంటే చాలు, మనకి అదృష్టమే.

అమెరికా మెషీన్ అయితే ప్లేటు మీద 60 ఒక్కటే ఉండొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు మారుస్తుంది, హెర్ట్జ్ మార్చదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు.

[తెర మీద: 460 ÷ 60 = 7.7 | 415 ÷ 50 = 8.3 | 480 ÷ 50 = 9.6]

అమెరికాలో లైను 480, మోటారు ప్లేటు మీద 460 అని ఉంటుంది. మోటారులోని ఇనుప కోర్ అయస్కాంతంతో ఎంత నిండుతుందో తెలియాలంటే వోల్టుల్ని హెర్ట్జ్‌తో భాగించాలి: ఇక్కడ 7.7. మన 415ని తిన్నగా ఇస్తే 8.3. కొంచెం ఎక్కువే, ఫుల్ లోడు మీద వేడి చూసుకోవాలి, స్పీడు ఆరో వంతు తగ్గుతుంది. కానీ "480 మెషీన్ కదా" అని స్టెప్-అప్ పెట్టారనుకోండి, 9.6! కోర్ నిండిపోతుంది, కరెంటు ఎగబాకుతుంది, వైండింగ్ మాడుతుంది. అంటే డబ్బు పెట్టి కొన్న ట్రాన్స్‌ఫార్మరే మోటారుని తినేస్తుంది.

మోటారు ముందు డ్రైవ్, అంటే స్పీడు నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె, ఉంటే కథ వేరు. అది వచ్చిన కరెంటుని మొదట డీసీ చేసుకుంటుంది కాబట్టి 50 అయినా ఫర్వాలేదు, దానికి కావలసింది వోల్టేజీ. అక్కడ స్టెప్-అప్ సరైన పనే. అందుకని కొనేముందు ప్యానెల్ తలుపు తీసి, ఏ మోటారు డ్రైవ్ మీద ఉంది, ఏది కాంటాక్టర్ (లైనుని కలిపే స్విచ్చి) మీద తిన్నగా ఉంది, రాసుకోండి.

ఇప్పుడు కేవీఏ. త్రీ ఫేజ్ లెక్క: 1.732 × 200 వోల్టులు × 40 ఆంపియర్లు ÷ 1000, సుమారు 13.9. 15 సరిపోతుంది కదా అంటారు. స్పిండిల్ వేగం పుంజుకునేటప్పుడు లాగే కరెంటుకి వోల్టేజీ కుంగుతుంది, నేనైతే 20 చెప్తాను. 20 కేవీఏ అయితే 415 వైపు ఫుల్ లోడు మీద 28 ఆంపియర్లు. ఆన్ చేసిన క్షణం దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, కాబట్టి ఆ క్షణపు కరెంటుని తట్టుకునే డీ కర్వ్ రకం బ్రేకర్ పెట్టండి. లేకపోతే పొద్దున్నే ట్రిప్పు, మళ్లీ ట్రిప్పు.

ఆటో ట్రాన్స్‌ఫార్మరా, ఐసొలేషనా? ఆటోలో రాగి, ఇనుము దాదాపు సగమే, ధర తక్కువ. కానీ రెండు వైపులకీ వైండింగ్ ఒకటే, ఐసొలేషన్‌లో అయితే విడివిడిగా రెండు. కింది భాగం తెగితే 415 తిన్నగా 200 వోల్టుల మెషీన్ మీద పడుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డులున్న మెషీన్‌కి ఐసొలేషనే తీసుకోండి: ప్రైమరీ (లైను వైపు) డెల్టా, సెకండరీ (మెషీన్ వైపు) స్టార్, మూడు చివరలు కలిసే స్టార్ పాయింటు ఎర్త్‌కి, మెషీన్ బాడీ కూడా అదే ఎర్త్‌కి.

[షాట్: మెయిన్ దగ్గర మీటరు]

సాయంత్రం ఏడింటికి ఇక్కడ 380 చూపిస్తోంది. 415కి చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే మెషీన్‌కి 183 వెళ్తుంది. డ్రైవ్ 180 దగ్గర అలారం కొడితే మిగిలింది మూడు వోల్టులే. బరంపురం వైండింగ్ షాపుకి ఆర్డరిచ్చేటప్పుడే ప్రైమరీలో మైనస్ 5 శాతం, మైనస్ 10 శాతం ట్యాపులు (తక్కువ చుట్ల దగ్గర తీసిన అదనపు కనెక్షన్లు) అడగండి. మైనస్ 10 మీద అదే 380కి 203 వస్తుంది. అయితే అర్ధరాత్రి లైను 440కి లేస్తే ఆ ట్యాపు మీదే 235 వెళ్తుంది. అలా ఊగే ఊళ్లో ట్యాపులు చాలవు, ముందు సర్వో స్టెబిలైజర్ ఉండాలి. ఒక రాత్రి మీటరు కాపలా పెట్టి చూశాకే తేల్చుకోండి.

మొదటిసారి ఆన్ చేయగానే హైడ్రాలిక్ ప్రెషర్ గేజి చూడండి. ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయండి, పంపు వెనక్కి తిరుగుతూ ఉండొచ్చు. మెయిన్ ఆఫ్ చేసి, మెషీన్‌కి వెళ్లే మూడు ఫేజు తీగల్లో ఏవైనా రెండు అటూ ఇటూ మార్చి బిగించండి.