పొగ కనిపించకపోతే పొగ లేనట్టేనా? డీజిల్ షెడ్డులో పనిచేసే వాళ్ల కోసం

“ఇప్పుడొచ్చే బండ్లన్నీ బీఎస్ సిక్స్ అన్నా, పొగే రాదు, ఇంకేం ప్రమాదం?” (బీఎస్ సిక్స్ అంటే బండ్ల పొగకు ప్రభుత్వం పెట్టిన హద్దులు.) తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఏ లారీ షెడ్డుకు పోయినా ఈ మాట వినిపిస్తుంది. దాని వెనకే ఇంకోటి, “ఖర్చీఫ్ కట్టుకుంటాం కదా.” చివరికి, “అలవాటైపోయిందిలే అన్నా, మాకేం కాదు.” ఈ మూడు మాటలు వింటే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. అవి చెప్పేవాళ్లకు ఇంజన్ గురించి నాకన్నా వందరెట్లు ఎక్కువ తెలుసు. శబ్దం విని ఏ ఇంజెక్టర్ సరిగ్గా కొట్టడం లేదో చెప్పేస్తారు. అదే మనుషులు తమ ఊపిరితిత్తుల దగ్గరికి వచ్చేసరికి కంటికి కనిపించేదాన్నే నమ్ముతున్నారు. అందుకే ఈ వీడియో.

నల్ల పొగ ఎందుకొస్తుంది, తెల్ల పొగ ఎందుకొస్తుంది అనేది మీకు చెప్పక్కర్లేదు, వదిలేస్తున్నా. నేరుగా విషయానికి వద్దాం.

[స్క్రీన్ మీద: జల్లెడ, చాట, రాగిపిండి]

రాగిపిండి జల్లించడం మీరంతా చూసే ఉంటారు. జల్లెడ పైన ఏం మిగులుతుంది? పొట్టు, నలగని గింజలు. మెత్తటి పిండి కింద చాటలో పడుతుంది. అంతకన్నా మెత్తటిది ఇంకోటుంది, అది చాటలో కూడా పడదు, గాల్లోనే తేలుతుంది, జల్లించే ఆమె కనుబొమ్మల మీదా జుట్టు మీదా చేరుతుంది, ఎండ పడిన చోట తప్ప కంటికి కూడా కనిపించదు. ఈ మూడు రకాలనూ గుర్తు పెట్టుకోండి, వీడియో మొత్తం వీటి మీదే నడుస్తుంది.

మన ముక్కు ఒక జల్లెడ అనుకోండి. సైలెన్సర్ నుంచి వచ్చే నల్ల మసిలో పెద్ద రేణువులు పొట్టులాంటివి. అవి ముక్కులోనే ఆగిపోతాయి. సాయంత్రం స్నానం చేసేటప్పుడు చీదితే నల్లగా వస్తుంది చూడండి, అదే. అది చూసి మనం భయపడతాం, కానీ అది బయటికి వచ్చేసింది, దానితో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా జల్లెడలో నుంచి జారిపోయిన పిండితోనే. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. డీజిల్ పొగలో రేణువులు చాలామటుకు 1 మైక్రాన్ కన్నా చిన్నవి, అందులోనూ లెక్కకు ఎక్కువగా ఉండేవి 0.1 మైక్రాన్ కన్నా చిన్నవి. అంటే ఒక వెంట్రుక మందంలో వాటిని వరసగా పేరిస్తే 500 పైన పడతాయి. వాటికి ముక్కు అడ్డం కాదు, గొంతు అడ్డం కాదు, నేరుగా ఊపిరితిత్తుల చివర గాలి రక్తంలో కలిసే తిత్తుల దాకా దిగిపోతాయి.

పోనీ, ఉత్త బొగ్గు రేణువే కదా అనుకుందామా? ఆ రేణువు ఒంటరిగా పోదు. సగం కాలిన డీజిల్‌లో పుట్టే రకరకాల రసాయనాలు దాని ఒంటికి అంటుకుని ఉంటాయి, పిండికి నూనె పట్టినట్టు. వాటిలో కొన్ని మన కణాల డీఎన్ఏను దెబ్బతీసేవి. ఇక జల్లెడతో సంబంధమే లేకుండా వాయువులు వేరే ఉన్నాయి: నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, బెంజీన్. నల్లగా ఏమీ కనిపించకపోయినా ఇవి రావచ్చు.

ఇప్పుడు బీఎస్ సిక్స్ సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చింది, డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 50) నుంచి 10 పీపీఎంకు తగ్గింది, సైలెన్సర్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ వచ్చింది. ఆ ఫిల్టర్ ఆ మెత్తటి పిండిని కూడా బాగానే పట్టుకుంటుంది. మంచి మార్పు, అందులో నాకు అనుమానం లేదు. కానీ షెడ్డు సంగతి వేరు. షెడ్డుకు వచ్చేది ఎక్కువగా పాత బండి. లేదంటే కొత్త బండే కానీ ఎగ్జాస్ట్ విప్పి పెట్టింది. లేదంటే డీపీఎఫ్ జామ్ అయిందని ఓనరు దాన్ని పీకించేసి ఖాళీ పైపు పెట్టించుకున్నది. (ఇది చేయకండి, ఎవరైనా చేయమన్నా చేయకండి. ఆ పొగ ముందుగా పీల్చేది దాన్ని విప్పిన మీరే.) యూరియా పోసే బండ్లలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గాలంటే ఎగ్జాస్ట్ బాగా వేడెక్కాలి. షెడ్డులో చల్లగా స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో వదిలేస్తే అంత వేడి రాదు. కాబట్టి కంపెనీ వాళ్లు కాగితం మీద చూపించే లెక్క పరీక్షలో ఒక పద్ధతి ప్రకారం నడిపిన ఇంజన్‌ది. షట్టర్ సగం దించిన షెడ్డులో అరగంట నుంచి ఆడుతున్న ఇంజన్‌కు అదే లెక్క వేసుకోకూడదు.

క్యాన్సర్ దగ్గరికి వద్దాం, ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు క్యాన్సర్ పరిశోధన విభాగం ఒకటుంది, ఐఏఆర్‌సీ అంటారు, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంది. 1988లో వాళ్లు డీజిల్ పొగను “బహుశా క్యాన్సర్ కారకం” అన్నారు. 2012 జూన్‌లో ఆ “బహుశా” తీసేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని తేల్చి గ్రూప్ 1లో పెట్టారు. మూత్రాశయ క్యాన్సర్‌కు కూడా ఆధారాలున్నాయి కానీ అంత గట్టిగా లేవన్నారు. ఇది విని కొంతమంది, పొగాకు పొగ కూడా అదే గ్రూపులో ఉంది కాబట్టి రెండూ సమానం అని ప్రచారం చేస్తారు, అది తప్పు. ఆ గ్రూపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిది అని, ప్రమాదం ఎంత పెద్దది అని కాదు. ఉన్న నిజమే చాలినంత ఉంది, దానికి ఇంకా కలపడం ఎందుకు?

ఆ “బహుశా” పోవడానికి ఒక ముఖ్య కారణం అమెరికాలో గని కార్మికుల మీద చేసిన అధ్యయనం. 8 గనులు, 12,315 మంది. బంగారమో రాగో తీసే గనులు కావు, ఉప్పు, పొటాష్, సున్నపురాయి లాంటివి. రాతి దుమ్ములో ఉండే సిలికా, రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు లాంటి వేరే కారణాలు తక్కువగా ఉంటాయని అలాంటివే ఎంచుకున్నారు. భూమి లోపల, మూసిన చోట, ఏళ్ల తరబడి డీజిల్ యంత్రాల మధ్య పని. సిగరెట్ అలవాటును లెక్కలోకి తీసుకుని చూసినా, అందరికన్నా ఎక్కువ పొగ పీల్చిన వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం తక్కువ పీల్చిన వాళ్లకన్నా సుమారు 3 రెట్లు కనిపించింది. నేను బీడీ తాగను కాబట్టి నాకు రాదు అనేవాళ్లకు జవాబు ఇదే. మనది గని కాదు, ఒప్పుకుంటా. కానీ వానాకాలంలో షట్టర్ దించుకుని లోపల ఇంజన్ ఆడిస్తూ ట్యూనింగ్ చేసే షెడ్డుకూ గనికీ ఒక పోలిక ఉంది, గాలి పోయే దారి లేదు.

క్యాన్సర్ అంటే ఎప్పుడో ఇరవై ముప్పై ఏళ్లకు కదా అనిపిస్తుంది. గుండె అన్నాళ్లు ఆగదు. 2007లో స్కాట్లాండ్, స్వీడన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. గతంలో గుండెపోటు వచ్చి కోలుకున్న 20 మంది మగవాళ్లను ఒకరోజు శుభ్రమైన గాలిలో, ఇంకోరోజు పలుచన చేసిన డీజిల్ పొగలో గంటసేపు ఉంచి, మధ్యమధ్యలో వ్యాయామం చేయించారు. పొగ ఉన్న రోజు, గుండె కండరానికి రక్తం చాలడం లేదని చూపించే ఈసీజీ గుర్తు బాగా పెరిగింది, రక్తంలో గడ్డను కరిగించే పదార్థం విడుదల తగ్గింది. గంటసేపటికే. షెడ్డులో స్టెంటు వేయించుకున్న పెద్దమేస్త్రి ఉంటే ఆయన్ని పొగ దగ్గర నిలబెట్టకండి, ఆయన ఒప్పుకోకపోయినా సరే.

“అలవాటైపోయింది” అన్నారు కదా. అలవాటైంది ముక్కుకు మాత్రమే. ఒకే వాసన కొంతసేపు వస్తూ ఉంటే ముక్కు దాన్ని చెప్పడం మానేస్తుంది. పిండిమరలో పనిచేసే అతనికి పిండి వాసన తెలియదు, అంతమాత్రాన గాల్లో పిండి లేనట్టు కాదు కదా. నమ్మకం లేకపోతే ఒకసారి బయటికి పోయి, టీ తాగి, కొంచెం తిరిగి మళ్లీ లోపలికి రండి. కళ్లు మండుతాయి, వాసన కొడుతుంది. మధ్యాహ్నానికి తలనొప్పి, తల తిరగడం, వికారం, పొడి దగ్గు ఉంటే దాన్ని ఎండ మీద తోసేయకండి. ఆదివారం తగ్గి సోమవారం మళ్లీ మొదలైతే, కారణం పనిచేసే చోటే ఉందేమో చూసుకోవాలి.

[విజువల్: అలిపిరి, ఘాట్ రోడ్డు]

షెడ్డు ఒక్కటే కాదు. మన ఊరికి రోజూ ఎన్ని టూరిస్టు బండ్లు వస్తాయో మీకు తెలుసు. యాత్రికులు దర్శనానికి పోతారు, డ్రైవరన్న పార్కింగ్‌లో ఏసీ కోసం ఇంజన్ ఆన్ చేసి అద్దాలు ఎత్తుకుని నిద్రపోతాడు, పక్కన ఇంకో బండి, దాని పక్కన ఇంకోటి, అన్నీ ఆడుతూ ఉంటాయి. ఒకరి పొగ ఒకరి ఏసీలోకి పోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు. అన్నా, దయచేసి ఇంజన్ ఆపి, చెట్టు నీడ చూసుకుని పడుకోండి. 2022 నుంచి కొండకు ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, నన్నడిగితే దాని వల్ల మొదట బాగుపడేది ఘాట్ రోడ్డు మలుపుల్లో ట్రాఫిక్ చూసేవాళ్లూ, ఆ బస్సు తోలేవాళ్లూ, డిపోలో ఉండేవాళ్లూ. కల్యాణ మండపాల జనరేటర్లు ఇంకో కథ. జనరేటర్ పొగగొట్టానికి కాలుష్య నియంత్రణ మండలి లెక్క ఒకటుంది: జనరేటర్ సామర్థ్యాన్ని చెప్పే కేవీఏ అంకెకు వర్గమూలం తీసి 0.2తో గుణించాలి, వచ్చినన్ని మీటర్లు భవనం ఎత్తు కన్నా పైకి ఉండాలి. 100 కేవీఏ అయితే 2 మీటర్లు. వంటశాల వెనక గోడకు మనిషి ఎత్తులో గొట్టం వదిలేస్తే, రాత్రంతా అక్కడ గిన్నెలు తోమే ఆడవాళ్లు ఏం పీల్చాలి?

టైం అయిపోతోంది, ఏం చేయాలో గబగబా చెప్పేస్తా.

అన్నిటికన్నా ముందు, అవసరం లేని ఇంజన్ ఆపండి. ఆడించక తప్పదంటే సైలెన్సర్‌కు వేడిని తట్టుకునే గొట్టం తగిలించి పొగను బయటికి పంపండి. ఇది కొత్త మాటేం కాదు, 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లోనే, ఒకచోట బిగించిన ఇంజన్ పొగను బయటి గాలిలోకి పంపకుండా నడపకూడదని రాశారు. నలుగురైదుగురు పనిచేసే మన షెడ్ల దాకా ఆ చట్టం రాలేదు, అయినా పద్ధతి సరైనదే. గొట్టం అవతలి కొస పక్కింటి కిటికీ వైపు పెట్టకండి.

పెడెస్టల్ ఫ్యాన్ పెట్టుకుని గాలి వస్తోంది అనుకోవద్దు, అది పిండిని గదంతా చల్లుతుంది, అంతే. గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగ వచ్చే వైపు పెట్టాలి, ఎదురువైపు తలుపు తెరవాలి. కంప్రెసర్ గాలితో ఎయిర్ ఫిల్టరూ బట్టలూ దులిపేవాళ్లు, అది జల్లెడను మొహం ముందు పెట్టుకుని ఊదినట్టే, తడిగుడ్డతో తుడవండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గోడౌన్లలో డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ బదులు బ్యాటరీది తెమ్మని మేనేజర్‌ను అడగండి.

ఖర్చీఫ్ పొట్టును ఆపుతుంది, పిండిని ఆపదు. సర్జికల్ మాస్క్ పక్కల్లోంచి గాలి దూరుతుంది. ఎన్95 వేరు, దాని పోగుల్లో ఉండే విద్యుత్ ఆవేశం సన్న రేణువులను లాగి పట్టుకుంటుంది, కాబట్టి అది మన జల్లెడ లెక్కలోకి రాదు. కానీ మొహానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే అతకదు, తడిసినా బాగా మురికి పట్టినా మార్చాలి. వాయువులను అది కూడా ఆపదు. అందుకే మాస్క్‌ను చివర చెప్పాను, గొట్టం ముందు.

దగ్గు వారాల తరబడి తగ్గకపోయినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం కనిపించినా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పోండి, ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష గురించి అడగండి. సిగరెట్ తాగుతావా అని ఆయన అడుగుతాడు, ఏం పని చేస్తావని అడగకపోవచ్చు. మీరే చెప్పండి: డీజిల్ పొగలో పని, ఇన్నేళ్లుగా, రోజుకు ఇన్ని గంటలు, షట్టర్ వేసుకునా తెరిచా. అది చీటీలో రాయించుకోండి.