ఎంజైమ్ పౌడర్‌తో పట్టుచీర ఉతకొచ్చా? బరంపురం నుంచి రివ్యూ

నమస్కారమండీ. బరంపురం నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది బట్టల పౌడర్, ప్యాకెట్ మీద 'ఎంజైమ్స్' అని రాసి అమ్మే రకం. పేరు మీద కాగితం అంటించేశాను. నేను చెప్పేది ఈ రకం పౌడర్లన్నిటికీ వర్తిస్తుంది మరి.

ఈ మూడు నూలు గుడ్డ ముక్కలు చూడండి. మూడింటికీ గుడ్డు సొన పూసి రాత్రంతా ఆరబెట్టాను. మొదటిది మామూలు సబ్బు నీళ్లలో నానింది, చుట్టూ పసుపు గీత ఇంకా ఉంది. రెండోది గోరువెచ్చటి నీళ్లలో ఈ పౌడర్ వేసి గంటసేపు నానింది. రుద్దనే లేదు, జాడిస్తే పోయింది! మూడోది మరిగే నీళ్లలో ఇదే పౌడర్‌తో నానింది. మరక ఇంకా గట్టిగా పట్టేసింది.

గుడ్డు సొన అంటే ప్రోటీన్. పూసల దండలాంటి పొడవాటి గొలుసు. ఆ గొలుసులోని బంధాలు ఉత్త నీళ్లలో వాటంతటవి తెగాలంటే వందల ఏళ్లు పడుతుంది, తెగడానికి అంత శక్తి కావాలి. ఈ పౌడర్‌లో ఉండే ప్రోటియేజ్ అనే ఎంజైమ్‌కి ఒక గుంట ఉంటుంది. గొలుసు ఆ గుంటలో సరిగ్గా కూర్చోగానే తెగడానికి కావలసిన శక్తి బాగా తగ్గిపోతుంది. టక్కున తెంపి వదిలేసి, తను ఏమీ అరగకుండా పక్క బంధం మీదికి పోతుంది. అందుకే చిటికెడు చాలు. మనం తిన్న పప్పూ మాంసమూ పేగుల్లో అరిగేది ఇలాగే, అక్కడ పని చేసేది ట్రిప్సిన్. 1913లో జర్మనీలో ఒట్టో రోమ్ పశువుల క్లోమం నుంచి తీసిన ఎంజైమ్‌లనే బట్టలుతకడానికి వాడి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటి పౌడర్లలోవి ఎక్కువగా బ్యాక్టీరియా నుంచి వస్తాయి.

మరి మరిగే నీళ్లలో ఏమైంది? ఎంజైమ్ కూడా ప్రోటీనే కదండీ. ఉడికిన తెల్లసొన మళ్లీ జారుగా మారదు. అలాగే వేడికి ఆ గుంట ఆకారం చెదిరిపోయింది. పైగా గుడ్డు గుడ్డ మీదే ఉడికిపోయింది.

పప్పుచారు మరకకి సగం మార్కులే. పప్పు పోయింది, పసుపు ఉండిపోయింది. పసుపు రంగు ప్రోటీనూ కాదు, పిండిపదార్థమూ కాదు, ఈ ఎంజైమ్‌ల గుంటల్లో దేనికీ అది సరిపోదు. ఎండలో ఆరేస్తే పలచబడింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మా అమ్మ పట్టుచీర, మన ఊరి మగ్గం మీద నేసిందే, అంచుకి కుంభాల డిజైన్ ఉన్నది. పోయినేడు ఇలాంటి పౌడర్‌లోనే నానబెట్టాను, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఈ మడత దగ్గర చూడండి, మెరుపు పోయి నూగులా లేచింది. పట్టుపురుగు తీసిన దారం ఫైబ్రాయిన్, అదీ ప్రోటీనే. ప్రోటియేజ్‌కి గుడ్డు మరకా ఒకటే, అమ్మ చీరా ఒకటే. ఆ రోజు నుంచి ఈ సంగతి అందరికీ చెప్పాలని ఉంది నాకు.

నూలు బట్టలకి, పిల్లల యూనిఫాంలకి, పాలు, గుడ్డు, రక్తం మరకలకి ధైర్యంగా కొనండి. పట్టుకీ ఉన్నికీ మాత్రం వద్దు. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకని పెట్టెలోంచి పట్టుచీరలు తీసేవాళ్లు, నానబెట్టే ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి 'ఎంజైమ్' అనో 'ప్రోటియేజ్' అనో ఉందేమో ఒక్కసారి చదవండి.