ఎర్రగడ్డ కిలో ఎంత?

(వనస్థలిపురంలో మా ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర రికార్డు చేసిన ఎపిసోడ్ ఇది. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. కావాలనే తీసేయలేదు.)

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ వారం స్టూడియో లేదు. గెస్ట్ కోసం పది మందికి ఫోన్లు చేసే పని కూడా పడలేదు, మా వంటింట్లోనే దొరికింది. మా వదిన. సొంతూరు మదనపల్లె. హైదరాబాద్ వచ్చి పన్నెండేళ్లు దాటింది. అమ్మానాన్నలది సూర్యాపేట దగ్గర పల్లె, నేను మాత్రం పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. కొత్తగా వచ్చినవాళ్లకు ఈ ఊరు ఎలా కనిపిస్తుందో నాకు తెలియదు. నేనెప్పుడూ ఇక్కడికి కొత్తగా రాలేదు కదా. వదినా, రెడీనా?

వదిన: పొయ్యి మీద పప్పు ఉంది. మూడు విజిల్స్ వచ్చేలోపు అడిగేసెయ్.

హోస్ట్: మొదటి రోజు గుర్తుందా?

వదిన: మొదటి రోజు లేదు, మొదటి ఆదివారం గుర్తుంది. 2013 జూన్. ఎంసీఏ అయిపోయి అమీర్‌పేటలో జావా కోర్సులో చేరాను. హాస్టల్ ఎస్సార్ నగర్‌లో. ఆదివారం రాత్రి హాస్టల్లో వంట ఉండదు. రూమ్‌లో ముగ్గురం. ఒకామెది భీమవరం, ఒకామెది జగిత్యాల, మూడోది నేను. వార్డెన్‌కు తెలియకుండా ఒక కరెంటు పొయ్యి దాచుకున్నాం. ఉప్మా చేద్దామని నన్ను కూరగాయలకు పంపారు. పోయి అడిగాను, "అన్నా, ఎర్రగడ్డ కిలో ఎంత?" అని.

హోస్ట్: (నవ్వు) అయ్యో!

వదిన: ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎర్రగడ్డకు కిలోలేందమ్మా, ముందరికి పోతే రెండు స్టాపులే" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎర్రగడ్డ కావాలన్నా, అని మళ్లీ అడిగాను. పక్కన బీడీ తాగే పెద్దాయన, "పిల్ల మంచిగనే ఉంది కదరా, ఏమైందో పాపం" అన్నాడు.

హోస్ట్: బయటివాళ్ల కోసం చెప్తాను. ఎర్రగడ్డ హైదరాబాద్‌లో ఒక ఏరియా. మానసిక చికిత్సాలయం అక్కడే ఉంది. ఎవరికైనా తిక్క ఉందని చెప్పాలంటే ఇక్కడ "వీణ్ని ఎర్రగడ్డకు తోలాలి" అంటారు. మంచి మాట కాదు, కానీ నోట్లో పడిపోయింది. రాయలసీమలో చాలాచోట్ల ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ.

వదిన: ఉల్లిపాయ అంటే ఎర్రగడ్డ, వెల్లుల్లి అంటే తెల్లగడ్డ, ఆలుగడ్డ అంటే ఉర్లగడ్డ. మా లెక్క సరిగ్గానే ఉందబ్బా. మీరే ఊరికి కూరగాయ పేరు పెట్టుకున్నారు.

హోస్ట్: తర్వాత ఏం చేశావు?

వదిన: చేత్తో చూపించాను. అవి చూపించి కిలో అన్నాను. ఆ తర్వాత ఆరు నెలలు ఏది కావాలన్నా వేలుతో చూపించడమే. పేరు పలకాలంటే భయం. నువ్వు నవ్వుతున్నావు కానీ, ఎంసీఏ చదివిన మనిషి తెలుగు మాట్లాడే ఊళ్లో తెలుగులో ఉల్లిపాయ అడగలేకపోవడం ఎట్లుంటుందో ఊహించు.

హోస్ట్: మా అమ్మతో కూడా ఇలాంటిది ఒకటి జరిగింది కదా. ఆనపకాయ.

వదిన: అది పెళ్లయిన మొదటి చలికాలం. ఆఫీసులో ఉంటే అత్తమ్మ ఫోన్. "బిడ్డా, వచ్చేటప్పుడు ఆనపకాయ ఒకటి తేవా" అన్నారు. "ఒకటేనా అత్తమ్మా?" అన్నాను. "మనకెంత కావాలె, ఒకటి చాలు" అన్నారు. నాకు టెన్షన్ మొదలైంది. మా వైపు అనపకాయలంటే చిక్కుడు జాతి. ఒక్క కాయలో నాలుగు గింజలు కూడా ఉండవు. చలికాలంలో బుట్టలకు బుట్టలు వస్తాయి. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కోటి వేళ్ల మధ్య పితికితే పొట్టు ఊడి లోపలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. నలుగురికి కూర చేయాలంటే రెండు కిలోల కాయలు పడతాయి. ఒక్క కాయతో ఈమె ఏం చేస్తుంది? కొత్త కోడలికి ఏదో పరీక్ష పెడుతున్నారనుకున్నాను.

హోస్ట్: అమ్మ అడిగింది సొరకాయ.

వదిన: నేను అరకిలో చిక్కుడుకాయలు తెచ్చాను. అనపకాయలు దొరకలేదు అత్తమ్మా, వీటితో సర్దుకోండి అన్నాను. ఆమె సంచిలోకి చూసి ఏమీ అనలేదు. ఆ రాత్రి చిక్కుడుకాయ కూరే వండారు. వారం తర్వాత మీ అన్న చెప్తే తెలిసింది.

(కుక్కర్ విజిల్)

వదిన: ఒకటి.

హోస్ట్: ఇక్కడ ఒక వాయిస్ నోట్ వినిపిస్తాను. పోయిన ఎపిసోడ్‌లో, ఈ మధ్య హైదరాబాద్ వచ్చినవాళ్లు ఏదైనా చెప్పండి అని అడిగాను కదా. ఈ తమ్ముడిది పలాస. పేరు చెప్పొద్దన్నాడు.

వాయిస్ నోట్: అన్నా, నేను వచ్చి ఏడు నెలలైంది. డెలివరీ పని చేస్తున్నాను. ఏరియాలు మొత్తం పిల్లర్ నంబర్లతోనే నేర్చుకున్నాను. ఫోన్ చేస్తే ఎవరూ వీధి పేరు చెప్పరు, ఫలానా పిల్లర్ దగ్గర యూ టర్న్ తీసుకో అంటారు. నేను "ఏటండీ?" అంటే అవతల నవ్వుతారు, ఏదో సినిమాలో కామెడీ విన్నట్టు. ఇప్పుడు "ఏంటండీ" అనడం అలవాటైంది. మా అమ్మతో కూడా అదే వచ్చేస్తంది. మొన్న అమ్మ అడిగింది, ఏట్రా, టీవీలో వాళ్లలా మాట్లాడతన్నావు అని. ఇంకోటన్నా. పెద్ద అపార్ట్‌మెంట్లలో మా లిఫ్ట్ వేరు. సామాన్లు ఎక్కే లిఫ్ట్. ఫస్ట్ టైమ్ తెలీక మామూలు లిఫ్ట్ ఎక్కాను. ఒకాయన ఏమీ అనలేదు గానీ దిగిపోయి వేరే లిఫ్ట్ కోసం నిలబడ్డాడు. అంతే అన్నా. ఊరు బాగానే ఉంది. సముద్రమే లేదు. ఫ్రెండ్స్ హుస్సేన్ సాగర్ చూపించి ఇదే అనుకోరా అన్నారు.

హోస్ట్: ఆ లిఫ్ట్ మాట విన్నాక నేను మా ఫ్రెండ్ వాళ్ల అపార్ట్‌మెంట్‌కు పోయినప్పుడు చూశాను. బోర్డు ఉంది. నాలుగేళ్లుగా ఆ ఇంటికి పోతున్నాను, ఒక్కసారి కూడా కళ్లకు ఆనలేదు.

వదిన: నీకెందుకు ఆనుతుంది? అది నీ కోసం రాసిన బోర్డు కాదు కదా.

హోస్ట్: నిజమే. అయితే మాట గురించి నవ్వడం అన్నాడు కదా, మా ఇంట్లో కూడా ఒక కథ ఉంది. నాన్న 1986లో ఊరి నుంచి ఉద్యోగానికి వచ్చారు. ఆఫీసులో "నేను పోతున్న", "గట్లనే చేసిన" అంటే పక్క సీట్లవాళ్లు అదే మాట మళ్లీ అని నవ్వేవాళ్లట. చేసేది సొంత రాజధానిలో ఉద్యోగం, సొంత ఊరు మూడు గంటల దూరం. అయినా కొత్తవాడే. దాంతో ఆఫీసుకు ఒక తెలుగు, ఇంటికి ఒక తెలుగు పెట్టుకున్నారు. చిన్నప్పుడు ల్యాండ్‌లైన్ మోగితే నాకు ఇద్దరు నాన్నలు కనిపించేవాళ్లు. ఆఫీసు ఫోనైతే "చెప్పండి సార్, వెళుతున్నానండి". ఊరి ఫోనైతే "ఏందిరా, ఎప్పుడొచ్చినవ్". తెలంగాణ వచ్చింది, రిటైరయ్యారు. బ్యాంకు నుంచి ఫోనొస్తే ఇప్పటికీ "వెళుతున్నానండి" అంటారు.

వదిన: పెళ్లిచూపుల్లో మా నాన్నతో కూడా ఆ తెలుగే మాట్లాడారు. మా నాన్నేమో ఈయన సర్కారువాళ్లేమో, కోస్తావాళ్లు అనుకున్నాడు. మా వైపు కోస్తాను సర్కారు అంటారు పాతవాళ్లు. ఇంట్లోకి వచ్చి మా అమ్మతో నల్లగొండ అన్నారు కదా, గుంటూరాయన లాగా మాట్లాడుతున్నాడే అన్నాడు.

హోస్ట్: ఆ రోజే భూమి లెక్కలు కూడా వచ్చాయి కదా?

వదిన: ఆ, మా నాన్న ఊరి బయట ఇరవై సెంట్ల స్థలం ఉందని చెప్పాడు. మామయ్య తలూపారు గానీ అర్థం కాలేదని మొహం చూస్తే తెలుస్తోంది. మీ అన్న ఫోన్‌లో లెక్కేసి, ఎనిమిది గుంటలు నాన్నా అన్నాడు. అప్పుడు మీ బాబాయ్, ఆయన సిటీలో రియల్ ఎస్టేట్ కదా, "అంటే తొమ్మిది వందల అరవై ఎనిమిది గజాలు" అని టక్కున చెప్పాడు. ఒకటే నేల, మూడు భాషలు.

హోస్ట్: ఎకరానికి వంద సెంట్లు, లేదా నలభై గుంటలు. బాబాయ్‌కు మాత్రం అన్నీ గజాలే.

వదిన: ఇల్లు వెతికేటప్పుడు కూడా అంతే. మా వైపు బాడుగ, భీమవరం పిల్లకు అద్దె, మీకు కిరాయి. హాస్టల్ ఖాళీ చేసి మేం ముగ్గురం రెండు గదుల పోర్షన్ కోసం తిరిగాం. మాట ఏది వాడినా మొదటి ప్రశ్న మాత్రం ఒకటే. "మీ ఇంటిపేరేంటమ్మా?" ఇంటిపేరుతో తేలకపోతే రెండో ప్రశ్న, నాన్‌వెజ్ తింటారా. దాంతోనూ తేలకపోతే, "మా ఆయన్ని అడిగి చెప్తాం". ఆ ఆయన ఎప్పుడూ ఊళ్లో ఉండడు. ఆ ఒక్క విషయంలో ఏ ప్రాంతంవాళ్లకూ తేడా కనిపించలేదు నాకు.

హోస్ట్: 2013 అంటే గొడవల టైమ్ కూడా. మీ రూమ్‌లో మూడు ప్రాంతాలు. ఎలా ఉండేది?

వదిన: అందరూ ఇదే అడుగుతారు, కొట్టుకున్నారా అని. జూలై నెలాఖరులో తెలంగాణ ప్రకటన వచ్చింది. ఆగస్టులో మా వైపు ఆర్టీసీ సమ్మె. రాఖీకి ఇంటికి పోలేకపోయాను. రూమ్‌లో దాని గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడకూడదని ఎవరూ అనలేదు, అట్లా జరిగిపోయింది. హాల్లో టీవీ దగ్గర మాత్రం న్యూస్ వస్తే ఒకళ్లు లేచి నీళ్లు తాగడానికి పోయేవాళ్లు. 2014 జూన్ ఒకటో తారీఖు రాత్రి పన్నెండింటికి బయట పటాకులు. జగిత్యాల పిల్ల స్వీట్ డబ్బా తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది. తినండి అని అనలేదు. పెట్టి నిలబడింది. నాకు సంతోషం అంటే అబద్ధం. బాధ అన్నా అబద్ధమే, మా సీమ సంగతి ఎవరు అడిగారు కనుక. భీమవరం పిల్ల మాత్రం ఏడ్చింది. ఏడుస్తూనే రెండు తీసుకుంది.

హోస్ట్: ఆ డబ్బాలో ఏముంది?

వదిన: కోవా. మంచి కోవా. (కుక్కర్ విజిల్) రెండు.

హోస్ట్: ఈ కొత్తవాళ్ల గొడవ చాలా పాతది వదినా. 1952లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడక ముందే, ఇక్కడ ముల్కీ ఉద్యమం జరిగింది. ముల్కీ అంటే స్థానికుడు. బయట నుంచి వచ్చినవాళ్లు ఉద్యోగాల్లో చేరిపోతున్నారని విద్యార్థులు రోడ్ల మీదకు వచ్చారు. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పటి నినాదాల్లో ఒకటి "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్".

వదిన: పొద్దున మీ నాన్న తిన్నదేంది?

హోస్ట్: ఇడ్లీ.

వదిన: సాంబారు?

హోస్ట్: సాంబారు ముట్టడు. అల్లం చట్నీ, పల్లీ చట్నీ. ఆ నినాదంలో సగం ఇంకా పాటిస్తున్నాడు. కానీ నవ్వులాటకు చెప్పడం లేదు. అప్పుడు కోపం ఇడ్లీ మీద కాదు, ఉద్యోగాల మీద. టిఫిన్ పేరు నోటికి వచ్చింది అంతే.

వదిన: అదే నేను చెప్పేది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు హైదరాబాద్ గురించి ఏదో ఒకటి అంటుంటారు. కూకట్‌పల్లిలో దిగిన పిల్ల ఇదంతా మా గోదావరి జిల్లాలాగే ఉంది మేడమ్ అంటుంది. టోలీచౌకిలో దిగినవాడు హిందీ రాకపోతే బతకలేం అంటాడు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుకుని వచ్చినవాడిని అడిగితే ఊరంతా స్టడీ రూములు, ఫొటోస్టాట్ షాపులు అంటాడు. ఎవడు బస్సు ఎక్కడ దిగితే వాడికి అదే హైదరాబాద్. నాకు కూడా మూడేళ్లదాకా ఎస్సార్ నగర్ దాటి ఏమీ తెలియదు. చార్మినార్ చూసింది పెళ్లయ్యాకే.

హోస్ట్: నేనూ ఒకటి ఒప్పుకోవాలి. బార్కస్ పేరు చిన్నప్పటి నుంచి వింటున్నాను. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. బ్యారక్స్ అనే మాటే బార్కస్ అయింది. మా ఇంటికి ఏమంత దూరం కాదు. మొదటిసారి పోయింది పోయిన ఏడాది జామకాయల కోసం.

వదిన: బోనాలు చూసినప్పుడు మాత్రం నాకు ఇది కొత్త ఊరు అనిపించలేదు. మీ వీధిలో పోచమ్మ గుడికి అత్తమ్మ బోనం ఎత్తారు. కుండకు పసుపు, వేపాకు, పైన దీపం. ముందు పోతరాజు. నేను పక్కన నడుస్తుంటే మా గంగమ్మ జాతరే కళ్ల ముందు తిరిగింది. అమ్మవారి పేరు మారింది, ఆకు అదే. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం" అని కాళ్లు మొక్కడం మాత్రం తెలియదు. మొదటి ఏడాది మీ చిన్నాన్న కూతురు నా చేతిలో ఆకు పెట్టి మొక్కితే, దేనికో తెలియక ఆకు జాకెట్ జేబులో వేసుకుని థాంక్స్ చెప్పాను.

హోస్ట్: సంక్రాంతికి టీవీలో విజయవాడ రోడ్డు మీది పంతంగి టోల్‌గేట్ చూపించి, "ఆంధ్రావాళ్లందరూ పోతున్నారు" అంటారు కదా...

వదిన: నేను పోయేది కర్నూలు రోడ్డు. పంతంగి నా దారిలోనే లేదు. ఆఫీసులో ప్రతి ఏడాదీ అదే ప్రశ్న, కోడి పందేలకు పోతున్నారా మేడమ్ అని. మా ఇంట్లో ఆ పండగకు ఆవుల కొమ్ములకు రంగులేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతారు. ఇప్పుడు చెప్పడం మానేశాను. అవునండీ, పోయినసారి రెండు పుంజులు గెలిచాం అంటున్నాను.

(కుక్కర్ విజిల్. కింద వీధిలో ఆటో మైకు: "ఉల్లిగడ్డ... ఉల్లిగడ్డ... నాలుగు కిలోలు వంద...")

హోస్ట్: మూడోది వచ్చింది. చివరి ప్రశ్న వదినా. రిటైరయ్యాక మదనపల్లె వెళ్లిపోతారా?

వదిన: ముందు నువ్వు కిందికి పో. ఆటో వెళ్లిపోతుంది. ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

హోస్ట్: రికార్డింగ్ నడుస్తోంది.

వదిన: నడవనీ. సంచి తలుపు వెనక ఉంది. ఏరి తీసుకో, అడుగున ఉన్నవి మెత్తగా ఉంటాయి. అబ్బా, త్వరగా పో, వీధి మలుపు తిరుగుతున్నాడు.