కాస్టిక్ సోడా వారం ధర ఎలా చదవాలి

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీలకు సరుకు కొనే పనిలో ఉన్నారు. కొందరు ఇప్పుడిప్పుడే ఆ పని నేర్చుకుంటున్నారు. వారానికోసారి మీ చేతికొచ్చే ధరల పట్టికలో కాస్టిక్ సోడా ఎదురుగా ఒక కింది ధర, ఒక పై ధర, పోయిన వారానికీ ఈ వారానికీ ఉన్న తేడా ఉంటాయి. అందరి కళ్లూ ముందు ఆ తేడా మీదికే పోతాయి. పెరిగితే టెన్షన్, తగ్గితే ఊరట. నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను. అలా చదవడం వల్ల ప్రతిసారీ ఆలస్యంగా మేలుకున్నాను.

అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. చైనాలో జెంగ్‌జౌ సరుకుల ఎక్స్ఛేంజ్ 2023 సెప్టెంబరులో కాస్టిక్ సోడా ఫ్యూచర్స్, అంటే ముందు తేదీ సరుకుకు ఇప్పుడే ధర కట్టే బేరాలు, మొదలుపెట్టింది. అయినా ఈ సరుకు ఎక్కువగా అమ్ముడయ్యేది ఒప్పందాల మీద, ఫోన్ బేరాల మీద. ఆర్గస్, ఐసీఐఎస్ వంటి సంస్థలు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఫోన్ చేసి ఎంత చెప్పారు, ఎంతకు అడిగారు, ఎంతకు తెగింది అని ఆరా తీసి ధర కడతాయి. అందుకే ‘మార్పు లేదు’ అన్న మాటకు రెండు అర్థాలు. పాత ధరకే బేరాలు సాఫీగా జరిగి ఉండొచ్చు. లేదా ఇద్దరూ బెట్టుగా కూర్చుని ఒక్క బేరమూ తెగకపోయి ఉండొచ్చు. రెండోదైతే ఆ వారం ప్రశాంతంగా గడిచినట్టు కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఉప్పునీటిలోకి కరెంటు పంపితే క్లోరిన్, కాస్టిక్ సోడా, కాస్త హైడ్రోజన్ కలిసే పుడతాయి. టన్ను క్లోరిన్ వస్తే సుమారు 1.1 టన్నుల కాస్టిక్ వచ్చి తీరుతుంది. ఈ లెక్కను ఏ మేనేజరూ మార్చలేడు. కాస్టిక్‌ను ట్యాంకుల్లో నిల్వ పెట్టుకోవచ్చు. క్లోరిన్ విషవాయువు. ద్రవంగా మార్చినా ఎక్కువ నిల్వ పెట్టుకోలేం, తయారైంది తయారైనట్టు కదిలిపోవాలి. కాబట్టి చాలాసార్లు ప్లాంటు ఎంత వేగంతో నడవాలో తేల్చేది క్లోరిన్.

ఆ క్లోరిన్‌కు అతి పెద్ద గిరాకీ పీవీసీ నుంచి వస్తుంది. పైపులు, కిటికీ ఫ్రేములు, కేబుల్ తొడుగులు అన్నీ కట్టడాల పనితో ముడిపడినవే. కట్టడాలు మందగిస్తే పీవీసీ కదలదు, క్లోరిన్ పోదు. రోజుకు 100 టన్నుల క్లోరిన్ తీసే ప్లాంటు 80కి దిగిందనుకోండి. కాస్టిక్ 110 నుంచి 88కి పడుతుంది. వారానికి 154 టన్నులు మార్కెట్లోకి రాకుండా పోయినట్టే. అల్యూమినా (అల్యూమినియానికి ముడిసరుకు), కాగితం, సబ్బు తయారుచేసేవాళ్లు ఎప్పటిలాగే కాస్టిక్ అడుగుతున్నారు, సరుకేమో లేదు. ధర లేస్తుంది. కారణం కోసం కాస్టిక్ కొనేవాళ్లలో ఎంత వెతికినా దొరకదు.

తిరగబడి కూడా జరుగుతుంది. కాస్టిక్‌కు మంచి ధర ఉన్నప్పుడు ప్లాంట్లు జోరుగా నడుస్తాయి, క్లోరిన్ మిగిలిపోతుంది. దాన్ని తీసుకెళ్లేవాళ్లకే ఎదురు డబ్బిచ్చిన వారాలు చైనా మార్కెట్లో ఉన్నాయి.

వీటికి తోడు కరెంటు ఉంది. టన్ను క్లోరిన్‌కు 2,000 యూనిట్లకు పైనే కావాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు తుఫాను కమ్మినప్పుడు కరెంటు పోయి తీరం వెంట రసాయన ప్లాంట్లు వరసగా ఆగాయి. అలాంటి వారం పోయిన వారం ధర దేనికీ పనికిరాదు.

ఒక పొరపాటు చెప్పాలి, నాదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి చాలా చౌక. సంబరంగా నోట్ రాసి పెద్దాయన బల్ల మీద పెట్టాను. ఆయన ఏమీ అనలేదు, పెన్సిల్ తీసి ఆ అంకె పక్కన ‘48 శాతమా?’ అని మాత్రం రాశారు. అది పొడి లెక్కన, అంటే నీళ్లు తీసేసి కాస్టిక్ ఒక్కదానికే, చెప్పిన ధర కాదు. నీళ్లలో కరిగిన కాస్టిక్‌ను లై అంటారు, అది టన్ను లై ధర. 48 శాతం లైలో పొడి లెక్కన ఒక టన్ను రావాలంటే దాదాపు 2.08 టన్నుల లై కొనాలి, లోపలి నీళ్లకూ లారీ కిరాయి కట్టాలి. లెక్క వేస్తే అదే ఖరీదైంది. ఆ పెన్సిల్ రాత నాకింకా కళ్లముందే ఉంది. రెండు ధరలు పోల్చే ముందు రెండూ పొడి లెక్కనే ఉన్నాయో లేదో చూసుకోండి.

మీ పట్టికలో కాస్టిక్ గడి పక్కనే మరో మూడు గడులు గీసుకోండి: పీవీసీ ధర, ప్లాంట్లు ఎంత లోడు మీద నడుస్తున్నాయి, రాబోయే మెయింటెనెన్స్ షట్‌డౌన్లు. వచ్చే వారం ‘మార్పు లేదు’ అని కనిపిస్తే సరఫరాదారుకు ఫోన్ చేయండి. ధర సంగతి తర్వాత, ముందు క్లోరిన్ పోతోందా అని అడగండి. ఆయన తడుముకుంటే, మీ నిల్వ ఎన్ని రోజులకు వస్తుందో ఆ పూటే లెక్క చూసుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.