డిడ్ వచ్చినంక వెంట్ ఎందుకు ఉండది?

(బోర్డు మీద: డిడ్ యూ వెంట్ టు స్కూల్ యెస్టర్డే?)

నమస్తే. ఈ తప్పు వాక్యం ఏడో తరగతి నోట్‌బుక్కులల్ల ఉంటది, లీవ్ లెటర్లల్ల ఉంటది. "డిడ్ యూ హ్యాడ్ లంచ్" అని మంచి మంచి ఉద్యోగాలు చేసేటోళ్ల వాట్సప్‌లల్ల గూడ ఉంటది. దీన్ని చూసి "మా పిల్లగానికి టెన్సులు రావు సార్" అంటరు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతది. గో, వెంట్, గాన్ అని పట్టిక మొత్తం వానికి నోటికొచ్చు. నిన్నటి సంగతికి వెంట్ రాయాలని గూడ ఎరుకే. అయినా ఇంకో యాభై సార్లు అదే పట్టిక రాయిస్తరు. వచ్చిందాన్నే మళ్ల రాయిస్తే ఏం లాభం?

వాడు పాస్ట్ మరిచిపోలే. రెండు సార్లు పెట్టిండు, గంతే.

నల్లగొండల దేవరకొండ బస్సు. తండ్రి, కొడుకు ఎక్కిన్రు. కండక్టర్ రాంగనే తండ్రి ఇద్దరికీ టికెట్ తీసిండు. కొడుకు మళ్ల తీస్తడా? తీయడు. ఇంగ్లిష్ వాక్యంల పాస్ట్ అనేది ఆ టికెట్. ముందున్న క్రియ తీస్తది, వెనకది ఊకె కూసుంటది. డిడ్ తండ్రి, గో కొడుకు. అందుకే "డిడ్ యూ గో" అనాలె. "డిడ్ వెంట్" అంటే ఇద్దరూ పైసలు ఇచ్చినట్టు.

మరి "ఐ వెంట్ టు దేవరకొండ" అన్నప్పుడు? కొడుకు ఒక్కడే ఎక్కిండు, వాని టికెట్ వాడే తీసుకోవాలె. అందుకే వెంట్. ఎవ్వరూ తీయకపోతే "ఐ గో టు దేవరకొండ యెస్టర్డే" అయితది. చెకింగోళ్లకు దొరికిపోతరు.

పిల్లలు ఇట్ల ఎందుకు రాస్తరో చూడండి. మనం "పోయినవ్" అంటం, ప్రశ్న కావాలంటే చివర దీర్ఘం తీస్తం: "పోయినవా?" క్రియ ఏం మారదు. పిల్లగాడు డిడ్‌ను ఆ దీర్ఘం లెక్క అనుకుంటడు. యూ వెంట్ అట్లనే ఉంచి, ముందర డిడ్ తగిలిస్తడు.

అయితే ఇంకో సంగతి గూడ మన దగ్గర్నే ఉన్నది. దాన్ని క్లాసుల ఎవ్వరు చెప్తలేరు. పోయిండు, పోలేదు. వచ్చిండు, రాలేదు. "వచ్చిండు లేదు" అని ఎవరన్న అంటరా? అనరు. "లేదు" వచ్చినంక వచ్చిండు పోయి "రా" మిగిలింది. డిడ్ నాట్ కమ్‌ల జరిగేది గూడ ఇదే. ప్రశ్నతోటి మొదలువెడితే తికమక అయితది, అందుకే ముందు నాట్ వాక్యాలు రాయించండి.

(బోర్డు మీద: షీ బాట్ ఎ పెన్.)

ఇగ పద్ధతి. వాక్యంల బాట్ కింద పెన్సిల్‌తోటి "డిడ్ ప్లస్ బై" అని రాయాలె. బాట్ కొట్టేసి రెండూ అక్కడ పెట్టి, మధ్యల నాట్ రాస్తే: షీ డిడ్ నాట్ బై ఎ పెన్. నాట్ తీసి, డిడ్‌ను షీ ముందటికి జరిపితే: డిడ్ షీ బై ఎ పెన్? పది వాక్యాలు ఇట్ల విడదీయాలె. సూటిగా ప్రశ్న రాయనియ్యొద్దు, పెన్సిల్ మెట్టు దాటేసిన పిల్లలే మళ్ల "డిడ్ షీ బాట్" కాడికి వస్తరు.

క్రియ చివర వచ్చే ఎస్ అక్షరం సంగతి గూడ ఇంతే. హి గోస్, డజ్ హి గో? ఎస్‌ను డజ్ తీసుకున్నది, "గో"కు మిగలలేదు.

డూ ఉన్న వాక్యం దగ్గర ఇంకో తిప్పలు. "డిడ్ యూ డూ యువర్ హోంవర్క్?"ల రెండోది అక్కరలేదనుకొని "డిడ్ యూ యువర్ హోంవర్క్" అని రాస్తరు. తండ్రి టికెట్ తీసిండని కొడుకును బస్సు దించేస్తరా? పని చేసేది ఆ డూనే.

కట్, పుట్ ఉన్నయి. ఐ కట్ ఇట్ యెస్టర్డే. రూపం మారలే గనుక పాస్ట్ లేదనుకోవద్దు. 2023 డిసెంబర్ నుంచి మన తెలంగాణ ఆర్టీసీ బస్సులల్ల ఆడోళ్లకు ఇస్తున్నరు గదా, అది జీరో టికెట్. చేతుల టికెట్ ఉంటది, పైసలు కనపడయి.

టైం అయిపోతున్నది, మిగిలినయి గబగబ చెప్త. వాజ్, వర్ టికెట్ వాటివే తీసుకుంటయి, డిడ్ పిలవొద్దు: "డిడ్ యూ వర్ ఆబ్సెంట్" కాదు, "వర్ యూ ఆబ్సెంట్?" చేసినోడు ఎవరని అడిగితే గూడ డిడ్ రాదు: హూ బ్రోక్ ద గ్లాస్? ఏం పగలగొట్టిండని అడిగితే వస్తది: వాట్ డిడ్ హి బ్రేక్? "ఐ వాంటెడ్ టు వెంట్" తప్పు, వాంటెడ్ ముందే తీసుకున్నది, టు తర్వాత గో. చివరికి తోకలు: యూ వెంట్ టు జడ్చర్ల, డిడంట్ యూ? వెంట్‌ల దాగిన డిడ్ బయటికొచ్చింది. అన్నిటికీ "ఇజంట్ ఇట్" అంటించుడు బందు చేయండి.

ఇంకొక్కటి, రీడ్. పాస్ట్‌ల గూడ స్పెల్లింగ్ అదే, పలికేది రెడ్. డిడ్ తర్వాత మళ్ల రీడ్ అనే పలకాలె. "డిడ్ యూ రెడ్" అని చదివేటోని తప్పు నోట్‌బుక్కుల దొరకది, గట్టిగ చదివించి వినాలె.